గాల్లో మేనేజరు

తుక్కు యార్డు మేనేజరు భీమశంకరరావు కారుతో సహా నలభై నిమిషాలు గాల్లో వేలాడాడు. ఎత్తింది అదే యార్డులో క్రేన్ ఆపరేటర్, మల్కాపురం దేవీప్రసాద్. నేరం రుజువైపోయింది. ఇక మిగిలింది శిక్ష.

కోర్టు హాల్లో చివరి బెంచీ మీద దేవీప్రసాద్ భార్య రోజారమణి కూర్చుంది. జైలుకి పంపితే ఆ మనిషి మళ్లీ మనిషిగా తిరిగి రాడని ఆమె భయం.

"మూడేళ్ల కిందట కిందనుంచి 'ఆపు' అని సైగ చేసిన చెయ్యిని ఇతను చూసుకోలేదు. క్రేన్ కింద తోటి కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు," అంది అతని లాయర్ ఆశాజ్యోతి. "అప్పట్నుంచి ఏ చెయ్యి ఏ సైగ చేసినా కాదనలేడు. ఇది జబ్బు. క్రేన్ ఎక్కించొద్దని డాక్టరు మూడుసార్లు చీటీ ఇస్తే, మేనేజరుగారు మూడూ చింపేశారు."

"జబ్బా? ఒట్టి పనిదొంగ!" భీమశంకరరావు గయ్యిమన్నాడు.

జడ్జి ముద్దాయి వైపు తిరిగారు. "ఎత్తమని ఎవరు చెప్పారు?"

"సెయ్యి బాబూ. ఏలు పైకెట్టి గిర్రున తిప్పింది. క్రేను అయస్కాంతం కారు మీద ఆనించి ఎత్తీసినాను."

"ఎవరి చెయ్యి?"

"నాను సెయ్యే సూత్తాను బాబూ. మొకం సూడను."

ప్రభుత్వ లాయర్ నాగవంశీ లేచాడు. "కిందనుంచి సైగలు చేసే సిగ్నల్‌మాన్ అప్పుడు టీకి వెళ్లాడు సార్. అక్కడ ఏ చెయ్యీ లేదు. అంతా ఇతని భ్రమ!"

"భ్రమేనని వారే ఒప్పుకున్నారు," అని ఆశాజ్యోతి కూర్చుంది. నాగవంశీ నాలిక్కరుచుకున్నాడు.

"మరి వెంటనే దించలేదేం?" జడ్జి మళ్లీ ముద్దాయిని అడిగారు.

"అందరూ రెండు సేతులూ ఎత్తీసి గోల సేసినారు బాబూ. మా పన్లో అలగెత్తితే 'కదపకు' అని. మేనేజరుగారైతే కారు కిటికీలోంచి మరీ ఎత్తినారు."

జడ్జి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "చివరికి దించమన్నదెవరు?"

"మా ఇంటిదంట బాబూ, దిగాక సెప్పినారు. నాకు కేరేజీ తెచ్చి, ఏలు కిందకి తిప్పిందంట."

తీర్పు అయిదు నిమిషాల్లో వచ్చింది. జైలు లేదు. ఏడాదిపాటు వైద్యం. డాక్టరు సరేననే దాకా క్రేన్ ఎక్కించకూడదు.

"లేని చెయ్యిని చూసిన మనిషికి కావాల్సింది మందు," అన్నారు జడ్జి. "అమ్మా, ఆ రోజు మీ సమయస్ఫూర్తి ఒక ప్రాణం కాపాడింది."

రోజారమణి లేచి రెండు చేతులూ జోడించింది. వాటిలో కుడిచేతి చూపుడు వేలే, దించమనడానికి నలభై నిమిషాల ముందు, తుక్కుగుట్ట చాటునుంచి 'ఎత్తు' అని గిర్రున తిరిగింది.