కనబడని ఎర్రలైటు

“చీపురుతోని వైరు గుంజింది నువ్వే! పిల్లల పదేండ్ల మార్కులన్నీ పోయినయ్. రేపటి సంది పనికి రాకు!” ఎల్లారెడ్డి ఊరి బడి ఆఫీసులో హెడ్మాస్టరు లింబాద్రి సారు టీచర్లందరి ముందూ అరిచేసరికి, ఊడుస్తున్న రూతమ్మ చీపురు గోడకు ఆనించింది.

కామారెడ్డి నుంచి వచ్చిన మెకానిక్ నగేశ్, మార్కులు దాచే కంప్యూటర్ డబ్బాను వెలుతురుకు తిప్పాడు.

“వైరు మంచిగనే ఉన్నది సారూ. లోపల రెండు డిస్కులుంటయి, రెండిట్ల అవే మార్కులు. ఒకటి నెల కిందనే పోయింది. పోతే ముందట ఎర్రలైటు వెలుగుతది. అప్పుడే మారిస్తే, ఇయ్యాల రెండోది పోయినా మార్కులు మిగులుతుండె. చూడలేదా?”

“ఏం లైటయ్యా? అసలు లైటే లేదు!”

నగేశ్ డబ్బా ముందు భాగాన్ని బొటనవేలితో రుద్దాడు. ఎండిన కుంకుమ పొట్టులా రాలింది. కింద లైటు ఎర్రగా వెలుగుతోంది.

“దసరా పూజకు ఈమెనే పెట్టింది బొట్టు!” లింబాద్రి వేలు మళ్లీ రూతమ్మ మీదికే లేచింది.

“బొట్లు పెట్టింది నువ్వు సారూ. కిరస్తానీ దానివి, పూజ అయ్యేదాక గడప లోపలికి రాకని నన్ను ఎండల నిలవెట్టింది గూడ నువ్వే.”

టీచర్లంతా సారు వైపు తిరిగారు.

“సరే, సరే. పో, పని చూస్కో,” అన్నాడాయన గొంతు తగ్గించి.

రూతమ్మ కదలలేదు.

“గంత మెల్లగ కాదు సారూ. నా తప్పు లేదని, ఇందాక అరిచినంత గట్టిగ చెప్పు.”