కడిగిన నాచు

"సేపని పట్టు షావుకారూ, అప్పుడంటాను అల్లుడని," అన్నాడు మా ఆవిడ బిందు నాన్న, పెళ్లయ్యాక తొలిసారి కళింగపట్నం అత్తారింటికి వెళ్తే.

మాది బొబ్బిలిలో కిరాణా కొట్టు. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. వానపామును ముట్టలేనంటే, ఎరకి రాళ్లమీది నాచు ఇచ్చాడు.

పొద్దుటి నుంచీ నీళ్లమీద నా గాలం బెండు కదిలి చస్తేగా! అదే నాచుతో ఆయన బెండు మాత్రం ఊరికే మునుగుతోంది.

"నీ నాచుకేటైనాది?" అంటూ నా గాలం లాక్కున్నాడు.

"శుభ్రంగా కడిగాను మావయ్యా. అంటుకున్న రొయ్యపిల్లల్ని ఏరి నీళ్లలో వదిలేశాను."

"ఓరి నీ... సేపలొచ్చీది ఆటి కోసమేరా!"

ఒళ్లు మండింది. "వాటికీ ప్రాణముంది కదా!" అని అరిచేశాను.

గాలాలు రెండూ చుట్టేసి, ఫోన్ తీశాడు.

"బిందూ, ఈయేల సేపల కూరొద్దు. అల్లుడికి పప్పొండు."