ఉత్తరపు కిటికీ

"కాపాడ్డానికి ఇందులో ఏముందండీ పెటర్డ్ గారూ? ఇది అచ్చం కాపీ" అంది బ్రాన్‌విన్, ఫైలులోంచి తలెత్తకుండానే.

క్లైవ్ పెటర్డ్‌కు ఒళ్లు మండింది. పేటలోని ఈ చిన్న గ్రంథాలయాన్ని పడగొట్టాలా, పాతకాలపు కట్టడంగా కాపాడాలా అన్నది నగరసభ పంపిన ఈ అమ్మాయి రాసే రిపోర్టుతో తేలిపోతుంది. దీన్ని గీసిన ఆర్కిటెక్టు అతని భార్య విన్నీ. ఆమె గీతల్లోంచి లేచిన కట్టడం ఇదొక్కటే. ఆమె పోయాక క్లైవ్ ఊళ్లోకి వెళ్లడమే మానేశాడు. రోజూ రోడ్డు దాటి వచ్చి, ఉత్తరపు కిటికీ కింద ఈ బల్ల మీదే కూర్చుంటాడు. భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న ఈ ఊళ్లో ఎండ ఉత్తరం నుంచే వస్తుంది. మధ్యాహ్నం అది చెంపకు తగిలితే చాలు, విన్నీ అరచెయ్యి ఆనించినట్టే ఉంటుంది. ఇది కూడా పోతే ఇక ఆమె ఎక్కడ దొరుకుతుంది?

"ఎవరిది చూసి కాపీ కొట్టిందట మా ఆవిడ?"

హాలరన్ గారిదట. ఆ పేరు పలికేటప్పుడు బ్రాన్‌విన్ గొంతులో భక్తి తొణికింది. నగరసభ మందిరం, కోర్టు, డెర్వెంట్ నది మీది పడవల రేవు, ఊరికి పేరు తెచ్చినవన్నీ ఆయనవేనంటూ ఫొటోలు పరిచింది. క్లైవ్ వాటిని ముట్టుకోలేదు. ఆ హాలరన్ తన పెళ్లాం దగ్గర పెన్సిళ్లు చెక్కుతూ పని నేర్చుకున్నవాడేనని, ఇది కట్టేనాటికి వాడికింకా మీసాలే రాలేదని గొణిగాడు.

"కావచ్చండీ. కానీ హాలరన్ కట్టడమంటేనే ఈ కిటికీ. అది లేకుండా ఆయన ఒక్కటీ కట్టలేదు."

"అన్నిట్లోనూ ఉందా?" క్లైవ్ గొంతు మారింది.

"అన్నిట్లోనూ. ఇదే ఎత్తు, ఇదే గరుకు అద్దం, కింద ఇదే బల్ల. ఎందుకలా పెట్టారో మాత్రం ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. నిలబడితే ఛాతీ దాకే వస్తుంది, కూర్చుంటే ఆ గరుకు అద్దంలోంచి బయట ఏమీ కనబడదు. మీరే చెప్పండి, ఇలాంటి కిటికీ ఎవరి కోసం పెడతారు?"

"అక్కడా మొహమ్మీద ఎండ పడుతుందా?"

పడుతుందంది. చలికాలంలో రేవులో ఆ బల్ల కోసం జనం కీచులాడుకుంటారని కూడా చెప్పింది.

కొండగాలి తలుపును కొట్టి పోయింది. ఇన్నాళ్లూ క్లైవ్, విన్నీ ఈ నాలుగ్గోడల మధ్యే మిగిలిందనుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కాపలా కాశాడు. పిచ్చిది, ఈ కిటికీ ఎవరి కోసమో ఒక్కమాటైనా చెప్పకుండా పోయింది అనుకున్నాడు.

"సరే, పడగొట్టుకోండమ్మాయ్. రేవుకి ఏ బస్సెక్కాలో చెప్పు" అంటూ లేచాడు.

అంతగా పట్టుబట్టినవాడు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని బ్రాన్‌విన్ మొదటిసారిగా తలెత్తి అతన్ని చూసింది. క్లైవ్ కోటు జేబులోంచి మడత తెల్లకర్ర తీసి, విదిలించి, నేల తడుముకుంటూ గుమ్మం వైపు నడుస్తున్నాడు.