మూసిన సందు

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదమ్మా. గబ్బిలాలు." కొడుకు గోడ కింద రాలిన నల్లటి పెంటికలను చెప్పు కాలితో నలిపి చూపించాడు. "ఎలుకలవైతే ఇలా పొడి అవ్వవు. నిన్న సాయంత్రం అన్నీ బయటికెళ్లాక చూరు కింద సందును సిమెంటు పెట్టి మూసేశాను. పీడ విరగడైంది."

"మరి ఈ చప్పుడేంట్రా?" అంది తల్లి.

పైకప్పు లోపల ఏవో సన్నగా కీచుమంటున్నాయి. బయట మునిచీకట్లో రెక్కలు వచ్చి సిమెంటుకు కొట్టుకుని, వెనక్కి పోయి, మళ్లీ వస్తున్నాయి.

"పిల్లలు లోపలుండిపోయాయి అత్తయ్యా," అంది కోడలు. ఆమె పురుడు పోసుకుని నెల తిరగలేదు. ఇంట్లో ఉయ్యాల లేదు. "ఎగరడం రానివి."

"రెండ్రోజులు కొట్టుకుంటాయి," అన్నాడు కొడుకు. "తర్వాత అవే మరిచిపోతాయి."

అత్త చప్పున కొడుకు వైపు తిరిగింది. ఆస్పత్రిలో సరిగ్గా ఆ మాటే తనూ అంది. చూస్తే తట్టుకోలేదు, చూడకపోతే అదే మరిచిపోతుంది అని, కోడలికి మెలకువ రాకముందే, ప్రాణం పోయిన పసిగుడ్డును తీసుకెళ్లిపొమ్మంది.

కోడలు గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది.

"నిచ్చెన వెయ్యి," అంది అత్త కొడుకుతో. "ఉలీ సుత్తీ తీసుకురా."

సిమెంటు పెళ్లలు రాలాయి. మొదటి గబ్బిలం లోపలికి దూరిపోయింది. అప్పుడామె కోడలి పక్కకు వచ్చి నిలబడింది.

"పాపకి జుట్టు ఒత్తుగా ఉండిందమ్మా," అంది. "గడ్డం అచ్చం నీదే."