రాహుకాలంలోపు ఆయుధపూజ

"ఆగు బిడ్డా. ఆ సంచి తెరువు."

అడిలైడ్‌లోని ఆ షూటింగ్ రేంజ్‌లో, వెనకనుంచి తెలుగు వినబడేసరికి అపూర్వ ఉలిక్కిపడింది.

తిరిగి చూస్తే విఠల్ అంకుల్. రిటైరైన ఇంజినీరు. ప్రతి ఆదివారం వస్తాడు. ఒక్క గుండూ కాల్చడు. ఎవరి రైఫిల్ కనబడినా ఖాళీయేనా అని వంగి వంగి చూస్తాడు. యూనివర్సిటీ పిల్లలు ఆయనకి 'అనుమానం అంకుల్' అని పేరు కూడా పెట్టేశారు.

"క్లబ్ రైఫిలే అంకుల్. ఖాళీదే. బయట టూ మినిట్స్ పనుంది."

పనేమిటంటే ఆయుధపూజ.

ఆ రోజు దసరా. హనుమకొండలో అపూర్వ వాళ్ల నాన్న మెకానిక్ షెడ్డులో పానాలకీ సుత్తులకీ ఆఖరికి గ్రీజు డబ్బాకీ కూడా బొట్టు పెడతారు. మరి వచ్చేవారం యూనివర్సిటీల పోటీలో కాల్చబోయే రైఫిల్ ఏం పాపం చేసింది?

"నాలుగున్నరకు రాహుకాలం వస్తది. ఆ లోపల్నే బొట్టు పెట్టు బిడ్డా" అని అమ్మ ఫోన్లో మరీ మరీ చెప్పింది. అది హనుమకొండ నాలుగున్నరా, అడిలైడ్ నాలుగున్నరా అని ఈ మహాతల్లి అడగనూ లేదు.

నాలుగుంబావు దాటేసరికి కంగారుగా రైఫిల్‌ని సంచిలో దోపి, కుంకుమ భరిణె జేబులో వేసుకుని, కార్ పార్క్ వైపు బయల్దేరింది. గేటు దగ్గరి గీత దాటేముందు తుపాకీ తెరిచి ఇంకొకరికి చూపించాలి. ఆ కంగారులో అదే మరిచిపోయి గీత దాటేసింది.

విఠల్ సంచి తెరిచి, రైఫిల్ గొట్టాన్ని నేలవైపు తిప్పి, బోల్టు వెనక్కి లాగాడు.

ఇత్తడి తూటా ఒకటి టప్పున కింద పడింది.

అపూర్వ చూపు గేటు వైపు మళ్లింది.

అక్కడ బారెడు అక్షరాలతో బోర్డు ఉంది. లోడ్ చేసిన తుపాకీతో గీత దాటరాదు. చేతిలో కనబడేలా పట్టుకున్నా, సంచిలో దాచుకున్నా తప్పు తప్పే. దాటినవాళ్లని క్లబ్బులోంచి తీసేస్తారు.

"అంకుల్, ప్లీజ్! ఎవ్వరికీ చెప్పకండి. టీమ్‌లో ప్లేస్ కోసం రెండేళ్లు కష్టపడ్డ. మీరు మనోళ్లే కదా!"

"మనోళ్లని చెప్పకుండ ఉంటనా?" అంటూనే ఆయన రేంజ్ కెప్టెన్ గ్రెగ్ దగ్గరికి నడిచాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

తేలేదాకా అపూర్వ రేంజ్‌కి రాకూడదని ఆ సాయంత్రమే చెప్పేశారు. శనివారం కమిటీ తీర్పు చెబుతుందన్నారు.

తెల్లవాడు పట్టుకుని ఉంటే అపూర్వ ఇంత బాధపడేది కాదు. సాటి తెలుగువాడై ఉండి గొంతు కోస్తాడా!

గురువారం మాసన్ లేక్స్‌లో, యూని ఎదుట బస్టాప్‌లో ఆయనే ఎదురొచ్చాడు.

"బిడ్డా, ఒక్క మాట..."

"మీరు చేసింది చాలు అంకుల్!"

విసురుగా బస్సెక్కి, కిటికీ వైపైనా చూడకుండా కూర్చుంది.

శనివారం క్లబ్బు గదిలో గ్రెగ్ ఒక్కడే ఉన్నాడు. అరవై దాటిన మనిషి. తనే టీ కలిపి ఆమె ముందు పెట్టాడు.

"ఈ ఏడాది పోటీకి నువ్వు లేవు."

అపూర్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అనుకున్నదే.

"కానీ క్లబ్బులో ఉంటావు. సేఫ్టీ క్లాసు మొదట్నుంచి నేర్చుకో. పాసైతే వచ్చే ఏడాది జట్టుకి కాల్చు."

"తీసేయరా? రూల్ ఉంది కదా!"

"బుధవారం కమిటీలో అందరం తీసేద్దామనే అన్నాం. విఠల్ ఒప్పుకోలేదు. తీసేస్తే ఆ పిల్ల భయం నేర్చుకుంటుంది, ఉంచితే జాగ్రత్త నేర్చుకుంటుందని రెండు గంటలు వాదించాడు."

"నన్ను పట్టించింది ఆయనే కదా?"

"పట్టించిందీ ఆయనే. నిలబెట్టిందీ ఆయనే."

అపూర్వకి బస్టాప్ గుర్తొచ్చి తల వాలిపోయింది. ఆయన చెప్పబోయిన ఆ ఒక్క మాట ఇదే అయ్యుంటుంది. నోరు జారినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన ఎక్కడున్నారు? ఇప్పుడే వెళ్లి కలుస్తాను."

"పొద్దున్నే పెర్త్ ఫ్లైట్ ఎక్కాడు. అక్కడి కానింగ్ వేల్‌లో కూతురి దగ్గరే ఇక ఉండటం. మళ్లీ ఇటు రాడు."

"నేనెవరినని ఆయన అంత పట్టుబట్టారు?"

గ్రెగ్ తన కప్పు పక్కన పెట్టాడు.

"నీ వయసులో నేనూ ఈ క్లబ్బులోనే ఇదే పని చేశాను. లోడ్ చేసిన రైఫిల్ సంచిలో పెట్టుకుని గీత దాటాను. నీ అదృష్టం బాగుంది, నీది పేలలేదు."

"మీది పేలిందా? ఎవరికైనా తగిలిందా?"

"నా పక్కనే నడుస్తున్న విఠల్‌కి తగిలింది. కమిటీని ఆసుపత్రి మంచం దగ్గరికే పిలిపించుకుని, గ్రెగ్‌ని తీసేయకండి, నేర్పండి అని బతిమాలాడు."