అల్లుడికి ఎన్ని తూటాలు?

"బుల్లెట్లు కావాలండీ," అన్నాడు ఎమ్మెట్.

"తుపాకుల కొట్టుకొచ్చి బుల్లెట్లు కాక బెండకాయలడుగుతారా?" అంది కౌంటరు వెనక ఉన్న లవాన్. "ఏవి బాబూ? కుందేలుకా, దొంగకా?"

"మామగారికి."

మూల కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు తాగుతున్న కాఫీ ఆపేశారు.

ఎమ్మెట్ నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, కాల్చడానికి కాదండీ! జవాబు చెప్పడానికి. అసలు ఇంకా మామగారు అవలేదు. ట్విలా వాళ్ళ నాన్న, బర్ల్ హాకెట్ గారు."

"ఓహో, ఆ పరీక్షా!" అన్నారు ముసలాళ్ళు. జాలిగా ఒక చూపు చూసి మళ్ళీ కాఫీలో పడ్డారు.

టెక్సస్‌లో ఆ చుట్టుపక్కల బర్ల్ పరీక్ష తెలియనివాళ్ళు లేరు. కూతురి చెయ్యి అడగడానికి వచ్చినవాణ్ణి ఆదివారం చర్చి నుంచి తిన్నగా భోజనానికి కూర్చోబెడతాడు. రాత్రంతా పొగలో మగ్గిన గొడ్డుమాంసం కొసరి కొసరి వడ్డిస్తాడు. కుర్రాడి నోరు నిండాక అడుగుతాడు. "ఆత్మరక్షణకి నడుముకి పిస్టల్ పెట్టుకుని వెళ్తున్నావు. ఏ బుల్లెట్లు వేస్తావు? ఎన్ని పట్టుకెళ్తావు? ఎందుకు?"

జవాబు నచ్చిందా, చివర్లో పీచ్ కాబ్లర్ వస్తుంది. ఆ తీపి రాలేదంటే పిల్ల కూడా రానట్టే.

ఇప్పటికి ముగ్గురు తీపి తినకుండా ఇంటికి పోయారు.

రోడియోలో ఎద్దులెక్కే వీరుడు, ఇనప తలుపునైనా దూసుకుపోయే బుల్లెట్లు వేస్తానన్నాడు. "దొంగని దాటి పక్కింటి ఉయ్యాల దాకా పోతే ఎవడు జవాబుదారీ?" అన్నాడు బర్ల్. పళ్ళ డాక్టరు నడుం చుట్టూ అరడజను నిండు మ్యాగజైన్లు, అంటే తూటాల డబ్బాలు, తగిలించుకుని వచ్చాడు. కరచాలనానికి లేచాడు, ప్యాంటు మాత్రం లేవలేదు. ట్రాక్టర్లమ్మే కుర్రాడు చొక్కా జేబులోంచి ఒకే ఒక్క బుల్లెట్ తీసి, గురి ఉన్నవాడికి ఇది చాలన్నాడు. బర్ల్ తాగుతున్న చల్లటి టీ ముక్కులోంచి వచ్చింది. పాపం, ముగ్గురూ ఒకటే మాట అన్నారట, బాగా తెలిసినవాళ్ళు చెప్పారండీ అని.

"నీ పేరేమిటి బాబూ?" అంది లవాన్.

"ఎమ్మెట్. బళ్ళో బ్యాండు మాస్టారిని."

లవాన్ కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్ చూసుకుంది. తరవాత అతన్ని ఎగాదిగా చూసింది.

"పిల్లలు అపస్వరం ఊదితే తిడతావా?"

దీనికీ బుల్లెట్లకీ సంబంధమేమిటో ఎమ్మెట్‌కి తెలియలేదు. "లేదండీ. మళ్ళీ ఊదమంటాను."

"మళ్ళీ తప్పితే?"

"నేను కూడా కలిసి ఊదుతాను."

లవాన్ మొహం చేటంత అయింది. స్టూలు లాగి కూర్చోబెట్టింది. మేనమామ ఇచ్చిన చిన్న పిస్టల్ అతనిదగ్గర ఉందని తెలుసుకుని, రెండు పెట్టెలు ముందు పెట్టింది.

"ఈ గుండ్రటి మూతివి సాధనకి. చవక. ఈ మూతిలో గుంట ఉన్నవి నడుముకి. తగిలిన చోట విచ్చుకుని ఆగుతాయి, వెనకున్నవాడి జోలికి పోవడం తక్కువ. కానీ ఇవి నీ పిస్టల్లో ఇరుక్కోకుండా ఆడుతున్నాయో లేదో ముందు కాల్చి చూసుకో. నీ తుపాకీకి పడనిది ఎంత గొప్పదైతే నీకెందుకు?"

"ఎన్ని పట్టుకెళ్ళాలండీ?"

"పిస్టల్లో నిండుగా ఒక మ్యాగజైను, జేబులో ఇంకొకటి. చాలా కాలుస్తావని కాదు నాయనా. ముందు మొరాయించేది ఆ డబ్బానే. అది మారిస్తే సగం గొడవ పోతుంది."

ఎమ్మెట్ వారమంతా సాధన చేశాడు. పిస్టల్ ఒక్కసారీ ఇరుక్కోలేదు. అతని జవాబే మధ్యలో ఇరుక్కుంటూ వచ్చింది.

ఆదివారం వచ్చింది. మాంసం వచ్చింది. నోరు నిండింది. ప్రశ్న కూడా వచ్చింది.

ఎమ్మెట్ ముద్ద గుటుక్కున మింగి, లవాన్ చెప్పిందంతా గడగడా అప్పజెప్పాడు. బర్ల్ మీసం కదల్లేదు.

"సరే. ఎవడో ఎదురొచ్చి నీ పర్సు అడిగాడు. అప్పుడో?"

ఇది లవాన్ చెప్పలేదు. ఎమ్మెట్ ఫోర్కు కింద పెట్టాడు. బల్లకి అవతలున్న ట్విలా వైపు చూశాడు.

"ఇచ్చేస్తానండీ," అన్నాడు. "నా బుల్లెట్లు ఎక్కడివక్కడే ఉండగా ఇంటికొచ్చి ట్విలాతో అన్నం తింటే, ఆ రోజు నేను గెలిచినట్టే."

 బర్ల్ వంటింటి వైపు తిరిగి ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఏమేవ్! కాబ్లర్ పట్రా! పైన ఐస్‌క్రీం కూడా వెయ్!"

వసారాలో ట్విలా చెయ్యి పట్టుకుని ఎమ్మెట్ గిర్రున తిరిగాడు. కుక్క కూడా వాళ్ళ చుట్టూ తిరిగింది. ఎమ్మెట్‌కి నవ్వు ఆగడం లేదు, కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

"అంతా లవాన్ గారి చలవే ట్విలా! పాపం, ఆ ముగ్గురూ కూడా ఆవిడ కొట్టుకే వెళ్ళి అడిగి ఉంటే బాగుపడేవాళ్ళు."

ట్విలా అతని మూతికంటిన ఐస్‌క్రీం వేలితో తుడిచింది.

"వెళ్ళారుగా! ఎవరికి ఏం చెప్పి పంపాలో లవాన్ ఆంటీకి ముందే ఫోన్ చేసి చెప్పింది నేనే."