మూడు రోజుల గడువు

పిస్తోలు కొన్నవాడికి మూడు రోజులు ఆగాకే దాన్ని చేతికివ్వాలన్న చట్టం తేవాలా వద్దా అని, రాష్ట్ర రాజధాని హెలెనాలోని శాసనసభ భవనంలో ఆ ఉదయం సభ్యులు జనం మాట వింటున్నారు.

“మా అల్లుడు పొద్దున కొన్నాడు, సాయంత్రానికి మా అమ్మాయిని కాల్చేశాడు. మూడు రోజులు ఆగి ఉంటే వాడి కోపం చల్లారేది” అంది డార్లీన్.

తరవాత ఆమె భర్త వెండెల్ లేచాడు. “నా కూతురి చేతిలోనూ ఓ తుపాకి ఉండుంటే బతికేది. ఈ చట్టం వద్దు” అన్నాడు.

ఏడేళ్లుగా ఈ చట్టం మాట సభకొచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకే ట్రక్కులో వచ్చి, చెరో వైపూ మాట్లాడి, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగుతూ ఇంటికి పోతున్నారు.

ఆ రోజు దారిలో డార్లీన్ ఉండబట్టలేకపోయింది. “కన్నకూతుర్ని మింగినా తుపాకంటే నీకింకా అంత మోజేంటి వెండెల్?”

అతను ట్రక్కు పక్కకి ఆపాడు.

“మోజు కాదే. ఆ వారం అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ‘ఆయన్ని చూస్తే భయమేస్తోంది నాన్నా, నీ పిస్తోలివ్వు’ అంది. ‘కాలు కాల్చుకుంటావు పోవే’ అని నవ్వి పంపించేశాను.”

స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. డార్లీన్ అతని వీపు నిమిరింది. తన సంగతి మాత్రం ఇప్పుడూ చెప్పలేకపోయింది.

కూతురు పోయిన రోజు పొద్దున, ఊళ్లో తెలిసిన తుపాకుల కొట్టాయన ఆమెకి ఫోన్ చేశాడు. “మీ అల్లుడు పిస్తోలు అడుగుతున్నాడమ్మా. మనిషి కాస్త చిరాగ్గా ఉన్నాడు. ఇవ్వమంటారా?”

“మావాడు బంగారం. ఇచ్చెయ్” అని డార్లీన్ కూడా నవ్వుతూనే అంది.